కంప్యుటేషనల్ బయాలజీ పీహెచ్‌డీ: ప్రొఫెసర్లకు మెయిళ్లు పెట్టాలా, గ్రాడ్యుయేట్ స్కూల్‌కు దరఖాస్తు చేయాలా?

మీరు అడిగినదాని సారాంశం ఇది: రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ అయింది, సీజీపీఏ 8.2, ఆర్, పైథాన్ కొంత వచ్చు, జర్మనీలో కంప్యుటేషనల్ బయాలజీ (జీవశాస్త్ర డేటాను కంప్యూటర్‌తో విశ్లేషించే శాస్త్రం) పీహెచ్‌డీ చేయాలనుంది. ప్రొఫెసర్లకు నేరుగా మెయిళ్లు పెట్టడం మంచిదా, గ్రాడ్యుయేట్ స్కూల్ ప్రోగ్రామ్ మంచిదా? కోడింగ్ ఎంత రావాలి? జర్మన్ కావాలా?

సూటిగా చెప్పాలంటే: మీలాంటి నేపథ్యం ఉన్నవాళ్లకు ప్రోగ్రామే మేలు. మెయిళ్లు దానికి తోడుగా పెట్టుకోండి, దానికి బదులుగా కాదు. కోడింగ్‌లో పది భాషలు అక్కర్లేదు. మొదటి నుంచి చివరి దాకా మీరే చేసి, ప్రతి అడుగు ఎందుకు వేశారో చెప్పగలిగిన ప్రాజెక్టు ఒక్కటి చాలు. ల్యాబ్‌లో, థీసిస్‌లో జర్మన్ అవసరం లేదు, ఇల్లు వెతుక్కునేటప్పుడు మాత్రం ఉంటుంది. 8.2తో భయపడాల్సిన పని లేదు.

ఇక కారణాలు.

జర్మనీలో పాత పద్ధతి పీహెచ్‌డీ అంటే ఒక ప్రొఫెసర్, ఒక విద్యార్థి, అంతే. గైడ్‌ను అక్కడ 'డోక్టర్‌ఫాటర్' అంటారు, అంటే పీహెచ్‌డీ తండ్రి. ఆ మాటలోనే సంగతంతా ఉంది. తండ్రి మంచివాడైతే సరే, లేకపోతే వెళ్లి చెప్పుకోవడానికి ఇంకో గడప లేదు. తీసుకునేదీ ఆయనే, జీతం ఆయన గ్రాంటులోంచే, చివర్లో థీసిస్‌కు మార్కులు వేసేవాళ్లలోనూ ఆయనే. పైగా బయటి దేశం నుంచి వచ్చినవాళ్ల వీసా కూడా ఆ ఉద్యోగం మీదే నిలబడి ఉంటుంది.

దీనికి విరుగుడుగా వచ్చినవే ఈ గ్రాడ్యుయేట్ స్కూళ్లు. మాక్స్ ప్లాంక్ సొసైటీ విశ్వవిద్యాలయాలతో కలిసి 2000 నుంచి 'ఇంటర్నేషనల్ మాక్స్ ప్లాంక్ రీసెర్చ్ స్కూల్' పేరుతో వీటిని నడుపుతోంది. మీ సబ్జెక్టుకు దగ్గరిది బెర్లిన్‌లో ఉంది. డాలెంలోని మాక్స్ ప్లాంక్ మాలిక్యులర్ జెనెటిక్స్ సంస్థ, బెర్లిన్ ఫ్రీ యూనివర్సిటీ కలిసి 2004లో 'కంప్యుటేషనల్ బయాలజీ అండ్ సైంటిఫిక్ కంప్యూటింగ్' స్కూల్‌గా మొదలుపెట్టారు, తర్వాత పేరు 'బయాలజీ అండ్ కంప్యుటేషన్'గా మారింది. ఇంకో పెద్ద చిరునామా ఈఎంబీఎల్ (యూరోపియన్ మాలిక్యులర్ బయాలజీ లేబొరేటరీ): హైడెల్‌బర్గ్ ప్రధాన కేంద్రం, కేంబ్రిడ్జ్ దగ్గర హింక్స్‌టన్‌లో బయోఇన్ఫర్మాటిక్స్ కేంద్రం. ఆర్‌ఎన్‌ఏ-సీక్ (ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో కొలిచే పద్ధతి) చేసే విద్యార్థులు ఎక్కువగా వాడే డీసెక్2 (2014) అనే సాఫ్ట్‌వేర్ గురించి మీరు వినే ఉంటారు. రాసిన ముగ్గురిలో మైఖేల్ లవ్ పీహెచ్‌డీ చేసింది ఆ బెర్లిన్ సంస్థలోనే. మిగతా ఇద్దరు సైమన్ ఆండర్స్, వోల్ఫ్‌గాంగ్ హ్యూబర్ అప్పట్లో హైడెల్‌బర్గ్ ఈఎంబీఎల్‌లో ఉన్నారు. టూల్ వాడటం నేర్పే చోటుకూ, టూల్ పుట్టే చోటుకూ తేడా ఉంటుంది కాబట్టి చెబుతున్నాను.

అయితే 'స్ట్రక్చర్డ్' అని బోర్డు పెట్టుకున్నవన్నీ నిజంగా అలా ఉండవు. నాలుగు వర్క్‌షాపులు, ఏడాదికోసారి విహారయాత్ర పెట్టి గ్రాడ్యుయేట్ స్కూల్ అనేవీ ఉన్నాయి. నేను మూడు ప్రశ్నలతో తూకం వేస్తాను: డబ్బు ఎవరిది, కమిటీలో ఎవరున్నారు, పట్టా ఎవరిస్తారు? ఈ మూడూ ఒకే మనిషి చేతిలో ఉంటే బోర్డు ఏదైనా అది పాత పద్ధతే.

డబ్బు. జీతం స్కూల్ నిధిలోంచి వస్తుందా, గైడ్ ప్రాజెక్టు గ్రాంటులోంచా అని ముందే అడగండి. గ్రాంటు అయితే అదెప్పుడు ముగుస్తుందో కూడా అడగాలి, తప్పుగా అనుకోరు. కాంట్రాక్టులు ఎక్కువగా ప్రభుత్వ వేతన పట్టికలోని ఈ13 స్కేలులో 65 శాతానికి ఉంటున్నాయి. కోతలకు ముందు నెలకు సుమారు 3,000 యూరోలు. పన్ను, ఆరోగ్య బీమా, పెన్షన్ పోగా పెళ్లికాని వ్యక్తి చేతికొచ్చేది 2,000కు కాస్త అటూ ఇటూ. పొదుపుగా ఉంటే సరిపోతుంది, ఇంటికి పెద్దగా పంపే పరిస్థితి ఉండదు. ఇక్కడ మన జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. యూరోలను రూపాయల్లోకి మార్చి పక్కపక్కన పెట్టి చూసి మురిసిపోకండి, అద్దెలు కూడా యూరోల్లోనే ఉంటాయి.

కాంట్రాక్టు చాలాచోట్ల మూడేళ్లకు రాస్తారు, పని మాత్రం నాలుగేళ్లు పడుతుంది. ఆ నాలుగో ఏడు ఎవరు ఇస్తారన్నదే అసలు ప్రశ్న. 'సాధారణంగా పొడిగిస్తాం' అనే మాటకు విలువ లేదు. 'గత మూడేళ్లలో ఎంతమందికి, ఎన్ని నెలలు పొడిగించారు' అని అడిగితే వచ్చే అంకెకు విలువ ఉంది. కాంట్రాక్టు కాకుండా స్టైపెండ్ ఇస్తామంటే, ఆరోగ్య బీమా మీరే కట్టుకోవాలని, నిరుద్యోగ భృతి హక్కు ఉండదని గుర్తుపెట్టుకోండి. కాగితం మీద రెండూ ఒకేలా కనిపించినా చేతిలో మిగిలేది వేరు.

కమిటీ. దీన్ని థీసిస్ అడ్వైజరీ కమిటీ, పొట్టిగా 'టాక్' అంటారు. మామూలుగా ముగ్గురు: మీ గైడ్, విశ్వవిద్యాలయం నుంచి ఒకరు, బయటి గ్రూపు నుంచి ఒకరు. చేరిన మొదటి ఏడాదిలోనే తొలి సమావేశం, తర్వాత కనీసం ఏడాదికి ఒకటి. సమావేశానికి వారం ముందు రెండు మూడు పేజీల నివేదిక పంపాలి: అనుకున్నది ఏమిటి, అయింది ఏమిటి, వచ్చే ఆరు నెలల్లో ఏమిటి, ఏది ఆపేస్తున్నారు. ఆ చివరిదే చాలామంది రాయరు. ఆపేయడం ఓటమి అనుకుంటారు గానీ, కమిటీకి అత్యంత పనికొచ్చే వాక్యం అదే.

మంచి ప్రోగ్రాముల్లో సమావేశం చివర పది నిమిషాలు గైడ్‌ను బయటికి పంపి, మిగతా ఇద్దరూ మీతో మాట్లాడతారు. ఈ పది నిమిషాలు ఉన్నాయా లేవా అన్నది ఆఫర్ ఒప్పుకునే ముందే కనుక్కోండి. మన దగ్గర చదివినవాళ్లకు ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. గురువు గురించి వెనక మాట్లాడటం తప్పన్న పెంపకం వల్ల 'అంతా బాగుంది సార్' అనేసి వచ్చేస్తారు. ఏడాది తర్వాత సమస్య ముదిరాక చెబితే, అప్పుడెందుకు చెప్పలేదన్న ప్రశ్నకు జవాబుండదు. చాడీలు అక్కర్లేదు. 'నాకు వారానికి ఒక గంట మీటింగు కావాలి, నెలకు ఒకటి కూడా దొరకడం లేదు' అంటే చాలు. అది ఫిర్యాదు కాదు, సమాచారం.

కమిటీలో ఎవరిని పెట్టుకోవాలో చాలాచోట్ల విద్యార్థినే అడుగుతారు. పెద్ద పేర్ల కోసం పోకండి, వాళ్లు వాయిదాలు వేస్తారు. మీ సబ్జెక్టులో గైడ్‌కు బలం లేని వైపు నుంచి ఒకరిని ఎంచుకోండి. గైడ్ గణితం మనిషైతే జీవశాస్త్రం వైపు నుంచి, వెట్ ల్యాబ్ (చేత్తో ప్రయోగాలు చేసే ల్యాబ్) మనిషైతే స్టాటిస్టిక్స్ వైపు నుంచి. ముఖ్యంగా రెండో సందర్భంలో. వెట్ ల్యాబ్‌లో ఉన్న ఒకే ఒక్క కంప్యుటేషనల్ విద్యార్థి మెల్లగా ఆ ల్యాబ్‌కు ఉచిత డేటా ఆపరేటర్ అయిపోతాడు. అందరి పేపర్లలో నాలుగో పేరు తనది, తన థీసిస్ మాత్రం ఖాళీ. దీన్ని ఆపగలిగేది కమిటీలో ఉన్న స్టాటిస్టిక్స్ మనిషే.

పట్టా. మాక్స్ ప్లాంక్ గానీ ఈఎంబీఎల్ గానీ సొంతంగా పీహెచ్‌డీ పట్టా ఇవ్వవు. ఇచ్చేది విశ్వవిద్యాలయం. బెర్లిన్‌లో అయితే ఫ్రీ యూనివర్సిటీ లాంటివి, హింక్స్‌టన్ వాళ్లకు కేంబ్రిడ్జ్. అంటే మీరు రెండు తలుపులు దాటాలి: ఒకటి స్కూల్ ఎంపిక, రెండోది విశ్వవిద్యాలయ ఫ్యాకల్టీలో డాక్టరల్ రిజిస్ట్రేషన్. రెండోదాన్ని చాలామంది మరిచిపోయి, ఏడాదిన్నర తర్వాత హడావిడి పడతారు.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. మొదటిది, ఏ విభాగంలో నమోదు అన్నది. పనంతా కంప్యూటర్ మీదే కదా అని గణిత-కంప్యూటర్ సైన్స్ విభాగానికి వెళితే, మీ బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ చూసి అదనపు కోర్సులు పూర్తిచేయమనే అవకాశం ఉంది. జీవశాస్త్ర విభాగంలో ఆ బెడద తక్కువ. రెండు చోట్లా వచ్చే పట్టా పేరు ఒకటే, డాక్టర్ రేరుమ్ నాటురాలియుమ్. కాబట్టి మీకు జీవశాస్త్ర విభాగమే సుళువు. రెండో పొరపాటు, మీ గ్రూపు లీడర్‌కు పీహెచ్‌డీని పరీక్షించే అధికారం ఉందా అన్నది. యువ గ్రూపు లీడర్లలో చాలామందికి ఉండదు. అప్పుడు కాగితం మీద ఒక విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ మొదటి పరీక్షకుడిగా ఉండాలి. ఆయన ఎవరో చేరిన మొదటి మూడు నెలల్లో తేలిపోవాలి. చివర్లో బతిమాలుకుంటూ వెతికితే దొరకడం కష్టం.

ఎమ్మెస్సీ ఉంది కాబట్టి అర్హత విషయంలో మీకు ఇబ్బంది లేదు. అనాబిన్ అనే జర్మన్ ప్రభుత్వ డేటాబేస్‌లో మీ విశ్వవిద్యాలయం పేరు పక్కన 'హెచ్ ప్లస్' (గుర్తింపు ఉన్నట్టు) ఉందో లేదో చూడండి. ఇది చదివే బీటెక్ వాళ్ల కోసం ఒక మాట: నాలుగేళ్ల బీటెక్‌తో జర్మనీలో నేరుగా పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ దొరకడం అరుదు. ఆస్ట్రియాలో వియన్నా పక్కన ఉన్న ఇస్టా, జపాన్‌లో ఓఇస్ట్ అనే పరిశోధన సంస్థలు, అమెరికా ప్రోగ్రాములు బ్యాచిలర్ డిగ్రీతోనూ తీసుకుంటాయి.

8.2 సంగతి. జర్మన్లు మార్కులను మార్చుకునే సూత్రం ఒకటుంది: 1 + 3 × (గరిష్ఠం − మీది) ÷ (గరిష్ఠం − పాస్). పాస్ మార్కు 5 అనుకుంటే 1 + 3 × 1.8 ÷ 5 = 2.08. వాళ్ల లెక్కలో 1 అత్యుత్తమం, 4 పాస్, కాబట్టి మీది 'మంచిది' అనే వర్గంలోకి వస్తుంది. ఒకటి రెండు బ్యాక్‌లాగ్స్ ఉన్నా దాచకండి, మార్కుల మెమోలో ఎలాగూ కనిపిస్తాయి. స్టాటిస్టిక్స్‌లో బ్యాక్‌లాగ్ ఉంటే మాత్రం ఒక వాక్యంలో వివరణ ఇవ్వడం మంచిది.

ఇప్పుడు అసలు విషయం, ఆ ఒక్క ప్రాజెక్టు. మన దగ్గర ఎమ్మెస్సీ ప్రాజెక్టు అంటే డాకింగ్ (ఒక పదార్థం ప్రోటీన్‌కు ఎలా అతుక్కుంటుందో కంప్యూటర్‌తో అంచనా వేయడం) చేసి, మూడు బొమ్మలు పెట్టి, 'ఈ మొక్కలోని ఫలానా పదార్థం ఫలానా ప్రోటీన్‌కు బాగా అతుక్కుంటోంది' అని ముగించడం ఎక్కువ. ఎంపిక కమిటీలకు ఇలాంటివి కుప్పలు తెప్పలుగా వస్తాయి. బటన్ నొక్కితే వచ్చే స్కోరును నమ్మడం తప్ప అందులో మీ ఆలోచన కనిపించదు. మీ థీసిస్ అదే అయినా ఫర్వాలేదు, ఇంకో ఆరు నుంచి ఎనిమిది వారాలు పెట్టి వేరేది చేయండి.

చేసే తీరు ఇది. అచ్చయిన ఒక పేపర్ తీసుకోండి: ఆర్‌ఎన్‌ఏ-సీక్, మూడు కంట్రోల్, మూడు ట్రీట్‌మెంట్ నమూనాలు ఉన్నది. ముడి డేటాను యూరోపియన్ న్యూక్లియోటైడ్ ఆర్కైవ్ నుంచి దించుకోండి, అక్కడ ఫాస్ట్‌క్యూ ఫైళ్లు (యంత్రం చదివిన చిన్న చిన్న వరసలు, అంటే 'రీడ్లు' ఉండేవి) నేరుగా దొరుకుతాయి. మానవ నమూనా అయితే ఒక్కొక్కటి రెండు నుంచి నాలుగు జీబీ ఉండొచ్చు. ల్యాప్‌టాప్‌లో స్టార్ అలైనర్ (రీడ్లను జీనోమ్ మీద సరిపోల్చే ప్రోగ్రామ్)‌తో మానవ జీనోమ్ జోలికి వెళ్లకండి, దానికే 30 జీబీ పైగా ర్యామ్ కావాలి, మధ్యలో చచ్చిపోతుంది. తేలికైన సాల్మన్ అనే ప్రోగ్రామ్ వాడండి. లేదా ఈస్ట్ డేటా తీసుకోండి: 1.2 కోట్ల అక్షరాల జీనోమ్, సుమారు 6,000 జన్యువులు, పాత ల్యాప్‌టాప్ కూడా లాగేస్తుంది. ఫాస్ట్‌క్యూసీతో నాణ్యత చూసి, సాల్మన్‌తో లెక్కించి, టీఎక్స్‌ఇంపోర్ట్ మీదుగా డీసెక్2లోకి తీసుకెళ్లి, మీకొచ్చిన జన్యువుల జాబితాను పేపర్‌లోని జాబితాతో పోల్చండి.

రెండూ సరిగ్గా కలవవు. కలవకపోవడమే మీ అదృష్టం. ఎందుకు కలవలేదో వెతికి రాసిన ఒకటిన్నర పేజీయే మీ దరఖాస్తులో అత్యంత విలువైన కాగితం. మామూలుగా దొరికే దొంగలు వీళ్లు:

అనోటేషన్ వెర్షన్ వేరు కావడం. వాళ్లు వాడిన జన్యు పట్టిక పదేళ్ల కిందటిది, మీది నిన్నటిది.

డీసెక్2కు ముడి కౌంట్లు ఇవ్వాల్సిన చోట టీపీఎం విలువలు (జన్యువు పొడవుకూ మొత్తం రీడ్లకూ తగ్గట్టు సరిచేసినవి) గుండ్రం చేసి ఇవ్వడం. ప్రోగ్రామ్ ఎర్రర్ చూపించదు, హాయిగా తప్పు జవాబు ఇస్తుంది. దాని గణిత నమూనా కౌంట్ల చెల్లాచెదురు మీద ఆధారపడింది. సైజు సరిచేసిన అంకెలిస్తే ఆ పునాదే పోతుంది.

లైబ్రరీ (సీక్వెన్సింగ్‌కు సిద్ధం చేసిన నమూనా) డీఎన్‌ఏ రెండు పోగుల్లో ఏ పోగు నుంచి వచ్చిందో తప్పుగా చెప్పడం. రీడ్లు లెక్కించే ఫీచర్‌కౌంట్స్ లాంటి టూల్‌లో ఆ ఒక్క ఆప్షన్ తారుమారైతే రీడ్లన్నీ గల్లంతవుతాయి. లెక్కలోకి వచ్చిన రీడ్ల శాతం అనుమానాస్పదంగా తక్కువగా కనిపిస్తే ముందు చూడాల్సింది ఇక్కడే.

ఎక్సెల్. జన్యువుల పేర్లను తేదీలుగా మార్చేస్తుంది. సెప్ట్2 కాస్తా సెప్టెంబరు 2 అయి కూర్చుంటుంది. విసిగిపోయి 2020లో జన్యువుల నామకరణ సంఘమే ఆ పేర్లు మార్చుకుంది. పాత పేపర్ల అనుబంధ పట్టికల్లో ఆ తేదీలు ఇంకా ఉన్నాయి.

ఇక బ్యాచ్. కంట్రోళ్లన్నీ ఒక రోజు, ట్రీట్‌మెంట్లన్నీ ఇంకో రోజు చేసి ఉంటే, కనిపించే తేడా మందుదా రోజుదా అన్నది ఏ సాఫ్ట్‌వేరూ తేల్చలేదు. అది ప్రయోగం వేసినప్పుడే పోయింది. ఈ మాట ధైర్యంగా రాయగలిగితే మీకు సగం స్టాటిస్టిక్స్ వచ్చినట్టే.

మొత్తం స్నేక్‌మేక్ గానీ నెక్స్ట్‌ఫ్లో గానీ ఏదో ఒక పైప్‌లైన్‌లో పెట్టి, టూళ్ల వెర్షన్లు కోండా ఫైల్‌లో రాసి, గిట్‌హబ్‌లో ఉంచండి. కొత్త మనిషి మీ రీడ్‌మీ చదివి ఒక్క ఆదేశంతో నడపగలగాలి. ఎవరైనా స్నేహితుడి కంప్యూటర్‌లో నడిపించి చూడండి. మీ దాంట్లో నడిచి అక్కడ నడవదు, తొంభై తొమ్మిది పాళ్లు ఫైల్ దారులు నేరుగా రాసేసి ఉంటారు. చివరి రోజు ఇరవై ఫైళ్లు ఒకేసారి ఎక్కించిన గిట్‌హబ్ కంటే రెండు నెలల చిన్న చిన్న కమిట్లు ఉన్నది నమ్మకం కలిగిస్తుంది.

ఎస్‌ఓపీ (మీ ఉద్దేశం చెప్పే వ్యాసం), ఎల్‌ఓఆర్ (సిఫారసు లెటర్). 'చిన్నప్పటి నుంచి నాకు డీఎన్‌ఏ అంటే ఆసక్తి' అనే వాక్యం కొట్టేయండి. మొదటి పేరాలోనే ఆ ప్రాజెక్టు ప్రశ్న, మీరు ఏం చేశారు, ఏం తేలలేదు. రెండో పేరాలో ఆ స్కూల్‌లోని రెండు మూడు గ్రూపుల పేర్లు, ఒక్కో గ్రూపు పేపర్ ఒకటి చదివి అందులో మీకు తట్టిన ఒక్క ప్రశ్న. పేజీ దాటకండి. అమీర్‌పేట కన్సల్టెన్సీ రాసిచ్చే ఎస్‌ఓపీ ఎంఎస్‌కు పనికొస్తుందేమో గానీ ఇక్కడ రెండో లైన్‌లోనే తెలిసిపోతుంది.

లెటర్ల విషయంలో మన సమస్య తెలిసిందే, 'నువ్వే రాసుకుని రా, సంతకం పెడతా' అంటారు. రెండు లెటర్లూ ఒకే చేతి రాతలో, ఒకే విశేషణాలతో ఉంటే చదివేవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. దానికి బదులు సార్‌కు ఒక పేజీ వివరాలు రాసివ్వండి: ఆయన దగ్గర ఎన్ని నెలలు పనిచేశారు, ఏ పని మీరొక్కరే చేశారు, ఎక్కడ ఇరుక్కుని ఎలా బయటపడ్డారు. వాక్యాలు ఆయనవి కావాలి. లెటర్ పంపాల్సిన లింకు ఆయన మెయిల్‌కే వెళ్తుంది కాబట్టి కాలేజీ లేదా విశ్వవిద్యాలయ మెయిల్ ఐడీ ఇవ్వండి, సొంత జీమెయిల్ అయితే అనుమానాలొస్తాయి. గడువుకు మూడు వారాల ముందు చెప్పి, వారం ముందు గుర్తుచేయండి. అన్నీ బాగుండి లెటర్ రాక ఆగిపోయే దరఖాస్తులు తక్కువేమీ కాదు. హెచ్‌ఓడీ రాసిన 'క్రమశిక్షణ గల విద్యార్థి' అనే నాలుగు లైన్ల కన్నా, సీసీఎంబీలోనో సీడీఎఫ్‌డీలోనో (హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థలు) ఆరు నెలలు మీ పక్కన కూర్చున్న సైంటిస్టు రాసిన పేజీ ఎన్నో రెట్లు మేలు. అక్కడ ప్రాజెక్టు అసిస్టెంటుగా ఏడాది దొరికితే వదులుకోకండి.

ఇంటర్వ్యూ. మామూలుగా మీ పని మీద పది పదిహేను నిమిషాల ప్రసంగం, ప్యానెల్ ప్రశ్నలు, తర్వాత గ్రూపు లీడర్లతో విడివిడిగా అరగంట చొప్పున మాటలు. ఎనిమిది స్లైడ్లు మించొద్దు. ప్రశ్నలు కఠినంగా ఉండవు, మౌలికంగా ఉంటాయి. కంగారు పెట్టేది అదే. కొన్ని చెబుతాను.

20,000 జన్యువులను 0.05 పీ-వాల్యూ గీతతో పరీక్షిస్తే, నిజంగా ఏ తేడా లేకపోయినా ఎన్ని 'తేడా ఉంది' అంటాయి? వెయ్యి. అయితే ఏం చేస్తారు? బెంజమినీ, హాచ్‌బెర్గ్ 1995 నాటి పద్ధతి పేరు చెప్పడం తేలిక. అది దేన్ని అదుపు చేస్తుందో, అంటే మీరు ప్రకటించిన జాబితాలో తప్పుల వాటా సగటున ఇంత దాటకుండా చూస్తుందని చెప్పడం అసలు జవాబు.

ముగ్గురు రోగులు, ముగ్గురు ఆరోగ్యవంతులు, మొత్తం 12,000 కణాల సింగిల్ సెల్ డేటా ఉంది. మీ నమూనా సంఖ్య ఎంత? 12,000 అన్నారంటే అయిపోయింది. గుంపుకు మూడు. ఒకే మనిషి కణాలు ఒకదానికొకటి పోలి ఉంటాయి, వాటిని వేర్వేరు సాక్షులుగా లెక్కపెట్టకూడదు.

ప్రోటీన్ వరసలను యాదృచ్ఛికంగా 80-20గా (80 నేర్పడానికి, 20 పరీక్షించడానికి) విడగొట్టి మోడల్‌కు నేర్పారు, 97 శాతం కచ్చితత్వం వచ్చింది. సంతోషమేనా? దాయాది వరసలు రెండు వైపులా పడి ఉంటే మోడల్ నేర్చుకోలేదు, గుర్తుపట్టిందంతే. ముందు పోలికను బట్టి గుంపులు కట్టి, గుంపుకు గుంపునే ఒక వైపు పెట్టాలి.

వెయ్యి అక్షరాల వరసలు రెండింటిని నీడిల్‌మన్-వున్ష్ (1970) పద్ధతిలో సరిపోల్చాలంటే పట్టికలో ఎన్ని గళ్లు? సుమారు పది లక్షలు. పొడవు రెట్టింపైతే నాలుగు రెట్లు. మరి మొత్తం జీనోమ్‌కు ఇదెందుకు పనికిరాదో అక్కడి నుంచి మీరే చెప్పాలి.

తెలియనిదాన్ని తెలియదనండి, కానీ అక్కడ ఆగకండి. 'తెలియదు, ఇలా మొదలుపెడతాను' అనేవాళ్లనే గ్రూపు లీడర్లు కోరుకుంటారు. బట్టీపట్టిన నిర్వచనం రెండో ప్రశ్నకే కూలిపోతుంది.

ఇక నేరుగా పెట్టే మెయిళ్లు. ఒకే మెయిల్‌ను వందమందికి 'రెస్పెక్టెడ్ సర్' అని పంపితే గాలికి పోయినట్టే, అవతలివారు మేడమ్ అయితే ఇంకా ఘోరం. పంపితే పదిమందికి పంపండి, ఎనిమిది వాక్యాల్లో: వాళ్ల ఏ పేపర్, మీకొచ్చిన ప్రశ్న, మీ గిట్‌హబ్ లింకు, చివర్లో 'ఈ ఏడాది స్కూల్ ద్వారా విద్యార్థిని తీసుకుంటున్నారా' అన్న ఒక్క ప్రశ్న. ఆ జవాబు కోసమే ఈ మెయిల్. తీసుకోని గ్రూపు పేరును దరఖాస్తులో మొదటి ఎంపికగా రాయడం వృథా కదా.

అమెరికా, ఇంగ్లండ్ గురించి మీరు అడగలేదు గానీ, పోల్చుకోవడానికి రెండు మాటలు. అమెరికాలో, ఉదాహరణకు పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్, పిట్ విశ్వవిద్యాలయాలు 2005 నుంచి ఉమ్మడిగా నడిపే ప్రోగ్రామ్‌లో, ముందు కోర్సులు, రొటేషన్లు (కొన్ని ల్యాబుల్లో కొన్నాళ్ల చొప్పున పనిచేసి చూడటం), ఆ తర్వాతే గైడ్ ఎంపిక. పునాది బలహీనంగా ఉన్నవాళ్లకు అది మేలు, కాకపోతే ఐదారేళ్లు. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చే శిక్షణ గ్రాంటు టీ32 పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. ప్రోగ్రామ్ పేజీలో ఆ గ్రాంటు గొప్పగా కనిపించినా మనకు అందులోంచి రాదు. మన జీతం ఎక్కడి నుంచో విడిగా అడగాలి. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ పరిశోధన నిధుల సంస్థ యూకేఆర్‌ఐ డబ్బిచ్చే సీట్లలో 2021 నుంచి విదేశీయులకు గరిష్ఠంగా 30 శాతమే.

కాగితాల దగ్గర మనవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) విషయంలో. ప్రొవిజనల్‌తో స్కూల్ ఎంపిక చేసుకోవచ్చు, విశ్వవిద్యాలయ రిజిస్ట్రేషన్ మాత్రం ఒరిజినల్ డిగ్రీ అడిగే అవకాశం ఎక్కువ. కాన్వొకేషన్ కోసం చూస్తూ కూర్చోకుండా ఇప్పుడే ఓడీకి ఫీజు కట్టి అప్లై చేయండి. సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కుల మెమో), ట్రాన్స్‌క్రిప్టులు, ఇంగ్లిష్ మీడియం సర్టిఫికెట్ కూడా అదే ప్రయాణంలో తెచ్చుకోండి. పదో తరగతి మెమోలో, పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకేలా ఉందో చూడండి. ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తి పేరు ఉంటే వీసా దగ్గర అఫిడవిట్ల తిప్పలు. జీతంతో కూడిన కాంట్రాక్టు, సంస్థ ఇచ్చే హోస్టింగ్ ఒప్పందం ఉంటే రీసెర్చర్ వీసాకు వెళ్లొచ్చు, బ్లాక్డ్ అకౌంట్‌లో (ఖర్చులకు ముందే డబ్బు వేసి ఉంచే ఖాతా) డబ్బు చూపించే అవసరం పడదు. ఏ రకం వీసాకు వెళ్లాలో స్కూల్ కోఆర్డినేటర్‌ను అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఇలాంటి కాగితాల పనికి మనిషి ఉండటం కూడా ప్రోగ్రామ్ వల్ల వచ్చే లాభమే, ఒంటరి ప్రొఫెసర్ సెక్రటరీకి ఇవేవీ తెలియకపోవచ్చు.

జర్మన్ ఏ2 (రోజువారీ మాటలకు సరిపడే ప్రాథమిక స్థాయి) దాకా నేర్చుకుని వెళ్లండి. దిగగానే ఆన్‌మెల్డుంగ్ అని చిరునామా నమోదు చేయించాలి, దానికి ఇంటి యజమాని సంతకం కావాలి, ఆ కాగితం లేనిదే మిగతా పనులు నడవవు. ఆ ఫారంలో మతం గడి ఒకటి ఉంటుంది. క్యాథలిక్ అనో ప్రొటెస్టెంట్ అనో రాస్తే చర్చి పన్ను పడుతుంది, బెర్లిన్‌లో మీరు కట్టే ఆదాయపు పన్నులో 9 శాతం. ఇష్టపడి కట్టేవాళ్లు కట్టొచ్చు, తెలియకుండా మాత్రం కట్టకండి.

ఆఫర్ వచ్చాక, సంతకానికి ముందు ఆ గ్రూపులో ఇప్పుడున్న ఇద్దరితో, బయటికి వెళ్లిన ఒకరితో విడిగా వీడియో కాల్ మాట్లాడండి. 'గైడ్ ఎలా ఉంటారు' అంటే అందరూ బాగుంటారనే చెబుతారు. ఇలా అడగండి: చివరి పేపర్ డ్రాఫ్ట్ ఇచ్చాక గైడ్ ఎన్ని రోజులకు తిరిగిచ్చారు? మొదలుపెట్టి పూర్తిచేయకుండా వెళ్లిపోయినవాళ్లు ఉన్నారా? నాకు ఇస్తామన్న ప్రాజెక్టు డేటా ఇప్పటికే డిస్క్ మీద ఉందా, ఇంకా ప్రయోగం చేయాలా? ఆ చివరి ప్రశ్నకు 'వచ్చే ఏడాది వస్తుంది' అన్నది జవాబైతే, మొదటి ఆరు నెలలు పబ్లిక్ డేటా మీద మీ పేరుతో నడిచే పని ఒకటి ప్రణాళికలో రాయించుకున్నాకే ఒప్పుకోండి.